భారీ తాబేళ్ల వలసపై పరిశోధన: 'గ్రాడ్యుయేట్ అవకాశం' అంటే అసలు ఏమిటి?

2024 మార్చిలో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో ఒక గాలపాగోస్ భారీ తాబేలు చనిపోయింది. వయసు 125 ఏళ్ల దాకా ఉంటుందని జూ అధికారులు చెప్పారు. 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి జూకి తెచ్చిన ఆ తాబేలును తాతలు, తండ్రులు, మనవలు అందరూ ఒకే ఆవరణలో చూశారు. అందుకే కాబోలు, ఈ జాతి తాబేళ్లు తమ సొంత దీవుల్లో ఏటా కిలోమీటర్ల కొద్దీ కొండెక్కి దిగుతాయంటే మనలో చాలామందికి నమ్మబుద్ధి కాదు.

జువాలజీ, వెటర్నరీ, పర్యావరణ శాస్త్రం చదివి విదేశాల్లో వన్యప్రాణి పరిశోధన కోసం వెతికేవాళ్లకు 'భారీ తాబేళ్ల వలసపై గ్రాడ్యుయేట్ రీసెర్చ్' అన్న మాట అప్పుడప్పుడు తగులుతూ ఉంటుంది. ఇక్కడ గ్రాడ్యుయేట్ అంటే మన డిగ్రీ కాదు, ఎంఎస్, పీహెచ్‌డీ స్థాయి. తగలగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఇది కోర్సా, ఉద్యోగమా? ఫీజు మనం కట్టాలా, వాళ్లే స్టైపెండ్ ఇస్తారా? దీవికి వెళ్లి తాబేళ్ల వెంట నడవడమా, కంప్యూటర్ ముందు కూర్చోవడమా? ఇంట్లోవాళ్లు వేసే ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: తాబేళ్ల మీద పీహెచ్‌డీ చేసి ఏం చేస్తావు? వీటన్నిటికీ జవాబు దొరకాలంటే ముందు తాబేలు దగ్గర మొదలుపెట్టాలి. చదువు, నిధులు, అనుమతులు అన్నీ ఆ జంతువు తీరును బట్టే ఉంటాయి.

తాబేలు వలస అంటే ఏది, ఏది కాదు

వలస అనగానే మనకు కొల్లేరు, నేలపట్టు పక్షులు గుర్తొస్తాయి. వేల కిలోమీటర్ల ప్రయాణం. కానీ నిర్వచనంలో దూరం ప్రసక్తి లేదు. ఒక కాలంలో ఒక చోటికి వెళ్లి, ఇంకో కాలంలో తిరిగి రావడం, ఏటా అదే జరగడం వలస.

గాలపాగోస్ దీవులు ఈక్వడార్ తీరానికి పడమరగా సుమారు 1000 కిలోమీటర్ల దూరంలో పసిఫిక్ సముద్రంలో ఉన్నాయి. వాటిలో సాంతా క్రూజ్ అనే దీవి నడుమ ఎత్తుగా ఉంటుంది, శిఖరం 860 మీటర్లకు పైనే. అక్కడ రెండు కాలాలు. జనవరి నుంచి మే వరకు వేడిగా ఉండి వానలు పడతాయి. అప్పుడు దిగువ నేలంతా పచ్చబడుతుంది. జూన్ నుంచి డిసెంబరు వరకు చల్లగా ఉంటుంది. దిగువన ఎండిపోతుంది కానీ కొండ మీద పొగమంచు, తుప్పర పడుతూనే ఉంటాయి, స్థానికులు దాన్ని గరూవా అంటారు. కాబట్టి పైన మేత ఎప్పుడూ ఉంటుంది. పెద్ద తాబేళ్లు వానల్లో కింద మేసి, కింద ఎండిపోయే వేళకు పైకి వెళ్తాయి. మళ్లీ వానలు పడితే దిగుతాయి. ఒక్కో దఫా ప్రయాణం పది కిలోమీటర్ల దాకా ఉండొచ్చు, రెండు మూడు వారాలు పట్టొచ్చు.

1835లో ఈ దీవులకు వచ్చిన చార్లెస్ డార్విన్ తాబేళ్లు నడిచి నడిచి అరగదీసిన బాటలను చూశాడు. ఊటల దగ్గరికి వెళ్లే దారులవి అని రాశాడు. అవి ఎప్పుడు వెళ్తాయి, ఏవి వెళ్తాయి, ఏవి వెళ్లవు అన్నది లెక్కగా తెలియడానికి మాత్రం జీపీఎస్ రావలసి వచ్చింది. జీవావరణ శాస్త్రవేత్త స్టీఫెన్ బ్లేక్ నాయకత్వంలో 2009లో మొదలైన గాలపాగోస్ తాబేళ్ల సంచార పరిశోధన కార్యక్రమం సాంతా క్రూజ్, ఇసబెలా దీవిలోని ఆల్సెడో అగ్నిపర్వతం, ఎస్పన్యోలా దీవి, ఈ మూడు చోట్లా తాబేళ్లకు పరికరాలు అమర్చింది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ, చార్లెస్ డార్విన్ ఫౌండేషన్, గాలపాగోస్ నేషనల్ పార్క్, అమెరికాలోని సెయింట్ లూయిస్ జూ ఇందులో భాగస్వాములు.

అన్ని తాబేళ్లూ వలస వెళ్లవు. ఎస్పన్యోలా తక్కువ ఎత్తున్న దీవి, అక్కడివి పెద్దగా ఎటూ పోవు. సాంతా క్రూజ్‌లో కూడా పెద్ద శరీరమున్నవి వెళ్తాయి, చిన్నవి దిగువనే ఉండిపోతాయి. గుడ్లు పెట్టే ఆడ తాబేళ్ల లెక్క మళ్లీ వేరు, గూళ్లు తవ్వేది దిగువ నేలలో కాబట్టి. కొన్ని వెళ్లి కొన్ని ఆగిపోయే ఈ తీరును పాక్షిక వలస అంటారు. ఈ రంగంలో చాలా థీసిస్‌ల వెనక ఉన్నది ఈ పాక్షికతే.

ఏది వలసో తేల్చే పద్ధతి ఒక ఉదాహరణతో చూద్దాం. ఇవి లెక్క కోసం ఊహించుకున్న తాబేళ్లు. మొదటిది జనవరిలో ఉన్న చోటు నుంచి జులైకి 5 కిలోమీటర్ల దూరంలో తేలింది, మళ్లీ జనవరికి తొలి చోటుకు 200 మీటర్ల దగ్గరికి వచ్చింది. రెండోది ఏడాదంతా ఒక కిలోమీటరు దాటలేదు. మూడోది మెల్లగా 7 కిలోమీటర్లు పోయి అక్కడే స్థిరపడింది. బయలుదేరిన చోటు నుంచి ప్రతి రోజూ సరళరేఖ దూరం కొలిచి, దాన్ని వర్గం చేసి గ్రాఫు గీస్తే మొదటిదానికి కొండలా లేచి దిగే గీత వస్తుంది, అది వలస. రెండోదానికి నేలబారు గీత, అది స్థానికం. మూడోదానికి లేచి అక్కడే నిలిచిన గీత, దాన్ని తరలింపు అంటారు. చెప్పుకోవడానికి ఇంత సులువు. అసలు డేటాలో సగం ఏడాది పరికరం పని చేయని తాబేలు, కొండ సగం ఎక్కి ఆగిపోయిన తాబేలు, ఒక ఏడాది వెళ్లి మరుసటి ఏడాది మానేసిన తాబేలు ఎదురవుతాయి. వాటిని ఏ గడిలో వేయాలన్న దగ్గరే పరిశోధన పని మొదలవుతుంది.

ఎందుకు వెళ్తాయన్నది ఇంకా పూర్తిగా తేలలేదు

ఇది నిజంగానే చిక్కు ప్రశ్న. ఈ తాబేళ్లు తిండి, నీళ్లు లేకుండా ఏడాది దాకా బతకగలవు. ఆ శక్తే వాటికి చేటు తెచ్చింది. తిమింగలాల వేటగాళ్లు, సముద్రపు దొంగలు వీటిని ఓడ అడుగున బతికుండగానే నెలల తరబడి పేర్చుకుని, తాజా మాంసం కోసం ఒక్కొక్కటిగా కోసుకు తిన్నారు. అలాంటి జంతువు ఎండాకాలం ఒక మూల ముడుచుకు పడుకుంటే సరిపోదా? 200 కిలోలకు పైన ఉండే ఒంటిని రాళ్ల మీదుగా ఈడ్చుకుంటూ కొండెక్కడం ఎందుకు?

2013లో బ్లేక్ బృందం ఇచ్చిన వివరణ మేత నాణ్యత, మేత పరిమాణం చుట్టూ తిరుగుతుంది. వానలు పడ్డాక దిగువన మొలిచే లేత ఆకు బలమైన మేత, కానీ కొన్ని నెలలే దొరుకుతుంది. కొండ మీద మేతలో బలం తక్కువ, కానీ ఏడాదంతా ఉంటుంది. పెద్ద శరీరానికి రోజూ ఎక్కువ మేత కావాలి కాబట్టి దిగువన ఎండగానే దానికి చాలదు. చిన్న తాబేలుకు ఆ ఎండిన నేల మీద దొరికే కాస్తా సరిపోతుంది.

దీనికి పోటీగా ఇంకో వాదన ఉంది. చిన్నవి వెళ్లకపోవడానికి కారణం అవసరం లేకపోవడం కాదు, ప్రయాణం భారం కావడమే అని. రెండింటిలో ఏది నిజమో కంటితో చూసి చెప్పలేం, ఎందుకంటే రెండు వాదనలూ ఒకే ఫలితం చెబుతున్నాయి: పెద్దవి వెళ్తాయి, చిన్నవి ఉంటాయి. 2017లో గణిత నమూనాతో (మోడల్) చేసిన ఒక అధ్యయనం ప్రయాణ ఖర్చు కన్నా చేరే చోట దొరికే లాభమే ఈ తీరును బాగా వివరిస్తుందని తేల్చింది. నాకు కూడా ఈ వాదనే బలంగా కనిపిస్తుంది, అయితే నమూనా ఎప్పుడూ తనకు ఇచ్చిన లెక్కల మేరకే మాట్లాడుతుందన్నది మరచిపోకూడదు.

ఇంకో తగువు సమయం గురించి. తాబేలు ఈ ఏడాది వాన, వేడి, పచ్చదనం చూసి బయలుదేరుతుందా, లేక ఏటా ఈ వేళకు వెళ్లాలన్న జ్ఞాపకంతో బయలుదేరుతుందా? 2019లో వెలువడిన విశ్లేషణ జ్ఞాపకం వైపు మొగ్గింది. అప్పటికప్పుడు ఉన్న మేతను తాబేళ్లు వెంటాడటం లేదని, గతంలో ఆ వేళకు ఎలా ఉండేదో దాన్నిబట్టి నడుస్తున్నట్టు కనిపిస్తోందని చెప్పింది. ఇది నిజమైతే భయపడాల్సిన విషయమే. వానల తేదీలు మారిపోతుంటే పాత లెక్కతో నడిచే జంతువు సరైన వేళకు సరైన చోట ఉండదు.

చిప్ప మీద జీపీఎస్: 17 లక్షల గుర్తులు, కానీ 40 తాబేళ్లే

పరికరం అమర్చే పని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. మనిషి దగ్గరికి రాగానే తాబేలు బుస్సుమని గాలి వదిలి తల, కాళ్లు లోపలికి లాక్కుంటుంది. చిప్ప వంపు మీదుగా టేపు పెట్టి కొలుస్తారు. చిప్ప పైభాగాన్ని మట్టి, నాచు లేకుండా శుభ్రం చేసి, ప్లంబర్లు వాడే ఎపాక్సీ పుట్టీతో, అంటే మనం కుళాయి లీకులకు పెట్టే ఎం-సీల్ లాంటి దానితో, జీపీఎస్ డబ్బాను అంటిస్తారు. గట్టిపడే దాకా ఆగుతారు. తర్వాత అది గంటకోసారి తానెక్కడుందో నమోదు చేస్తుంది. ఆ సమాచారం దానంతటది ఆఫీసుకు రాదు. పరిశోధకుడు చేతి రిసీవర్ పట్టుకుని తాబేలుకు తగినంత దగ్గరికి నడిచి వెళ్లి దించుకోవాలి. పొదల్లో, తుప్పరలో, లావా రాళ్ల మీద. ఫీల్డ్‌వర్క్‌లో చాలా భాగం ఇదే నడక.

గంటకోసారి అంటే ఏడాదికి 8,760 గుర్తులు. ఐదేళ్లకు 43,800. ఇలాంటివి 40 తాబేళ్లు ఉంటే 17,52,000. ఇంత డేటా ఉంటే ఏ ప్రశ్నకైనా జవాబు దొరుకుతుందని కొత్తవాళ్లు అనుకోవడం సహజం. కానీ ఒకే తాబేలు పది గంటలకు ఉన్న చోటు, పదకొండు గంటలకు ఉన్న చోటు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పెద్దవి చిన్నవాటికన్నా ఎక్కువ వలస వెళ్తాయా అన్న ప్రశ్నకు మన దగ్గరున్న సాక్ష్యం 17 లక్షలు కాదు, 40. అందులో సగం ఆడవైతే మగవాటి గురించి చెప్పడానికి 20. ఈ తేడా తెలియకుండా రాసిన పేపర్ సమీక్షలో నిలవదు. అందుకే ఈ రంగం ప్రకటనల్లో తాబేళ్ల అనుభవం కన్నా స్టాటిస్టిక్స్, ఆ లెక్కలకు వాడే 'ఆర్' ప్రోగ్రామింగ్ ముందు అడుగుతారు.

ఐదేళ్ల డిగ్రీ, నూరేళ్ల జంతువు

ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ఈ విషయం. తాబేళ్ల వలసపై పీహెచ్‌డీ అంటే ఏం సాధ్యం, ఏం కాదు అన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఒక విద్యార్థి ఐదేళ్ల పీహెచ్‌డీలో చేరిందనుకుందాం. మొదటి ఏడాది కోర్సులు, ప్రతిపాదన, అనుమతులకే పోతుంది. చివరి ఏడాది రాయడానికి. మిగిలినవి మూడేళ్లు. 20 తాబేళ్లకు జీపీఎస్ పెడితే వాటిలో 12 వలస వెళ్లేవి అనుకుందాం. ఒక్కోటి ఏడాదికి ఒకసారి ఎక్కి ఒకసారి దిగుతుంది. 12 తాబేళ్లు, మూడేళ్లు, రెండేసి ప్రయాణాలు, మొత్తం 72. బాగానే ఉంది. కానీ ఆమె ప్రశ్న 'వాన తేడాలను బట్టి వలస సమయం మారుతుందా' అయితే ఆమె చూసింది మూడు వానాకాలాలే. అంటే ఆ ప్రశ్నకు ఆమె దగ్గరున్న సాక్ష్యం మూడు. గాలపాగోస్ వానలను తలకిందులు చేసే ఎల్ నినో రెండు నుంచి ఏడేళ్లకోసారి, ఏ క్రమం లేకుండా వస్తుంది. ఆమె మూడేళ్లలో అది రాకపోవచ్చు కూడా.

ఇక ఒక తాబేలు ఏ వయసులో తొలిసారి కొండెక్కుతుంది అన్న ప్రశ్న చూడండి. ఈ తాబేళ్లు ఈడుకు రావడానికే 20 నుంచి 25 ఏళ్లు పడుతుంది. 2009లో కార్యక్రమం మొదలైన ఏడాది గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల ఇంకా ఆ ఈడుకు రాలేదు. ఈ ప్రశ్నకు ఏ ఒక్క విద్యార్థీ తన డిగ్రీ కాలంలో సొంతంగా డేటా పోగుచేసి జవాబు చెప్పలేరు.

కాబట్టి ఇక్కడ గ్రాడ్యుయేట్ అవకాశం అంటే చాలావరకు ముందువాళ్లు పోగుచేసిన దీర్ఘకాలిక డేటాలో వాటా, దానికి తాను కలిపే రెండు మూడేళ్ల కొత్త పని. పాత డేటాను కలిపి చూసినప్పుడే మంచి వాన, కరువు, ఎల్ నినో అన్నీ కంటపడతాయి. ఈ సంచార సమాచారాన్ని భద్రపరచడానికి మాక్స్ ప్లాంక్ సంస్థ నడిపే మూవ్‌బ్యాంక్ అనే డేటాబేస్ ఉంది, ప్రపంచమంతటి జంతు సంచార పరిశోధకులు అందులో తమ డేటా పెడతారు. ఒక డేటా అందరికీ తెరిచి ఉంటుందా, అడిగి తీసుకోవాలా అన్నది దాని యజమాని నిర్ణయం.

దీనిపై రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకరి డేటాను విశ్లేషించడం సొంత పరిశోధన కాదు, విద్యార్థి మొదటినుంచీ అన్నీ తానే చేయాలి అన్నది ఒకటి. దీర్ఘాయువు జంతువుల విషయంలో అది అసాధ్యం, కొత్త ప్రశ్న వేయడమే సొంత పని అన్నది రెండోది. నేను రెండోదాని పక్షం. అయినా మొదటి వాదనలో కొట్టిపారేయలేనిది ఒకటుంది. నేల మీద నడవకుండా స్క్రీన్ మీదే తాబేలును చూసినవాళ్లు పరికరం తప్పిదాన్ని ప్రవర్తన అనుకునే ప్రమాదం ఉంది.

ఒక ప్రకటనను విప్పి చూస్తే

ఇప్పుడు ఒక ప్రకటన ఊహించుకుందాం. 'భారీ తాబేళ్ల సంచారంపై పీహెచ్‌డీ అసిస్టెంట్‌షిప్. నాలుగేళ్లు. స్టైపెండ్, ట్యూషన్ మినహాయింపు. ఏడాదికి నాలుగు నెలలు ఫీల్డ్‌లో. స్పానిష్ వస్తే మంచిది.'

మన ఇళ్లలో ఎంఎస్ అనగానే బ్యాంకు లోను, వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం, రెండేళ్ల కోర్సు, తర్వాత ఉద్యోగం. వన్యప్రాణి శాస్త్రంలో దారి వేరు. అమెరికాలో ఈ విభాగాల్లో థీసిస్ ఎంఎస్‌కు, పీహెచ్‌డీకి సాధారణంగా ముందు ఒక గైడ్ ఒప్పుకోవాలి. ఆ గైడ్ దగ్గర ఒక ప్రాజెక్టు, దానికి డబ్బు ఉండాలి. యూనివర్సిటీ అడ్మిషన్ దాని తర్వాత వచ్చే లాంఛనం లాంటిది. థీసిస్ లేని కోర్సు ఎంఎస్‌కు ఈ ఏర్పాటు ఉండదు, ఫీజు విద్యార్థే కట్టుకోవాలి. రెండింటి పేరూ ఎంఎస్సే, గందరగోళం అక్కడే.

అసిస్టెంట్‌షిప్ అంటే పని చేసి పొందే జీతం. గైడ్ గ్రాంటు నుంచి వస్తే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, అప్పుడు థీసిస్ అంశం ఆ గ్రాంటు వాగ్దానం చేసిన ప్రశ్నకు లోబడి ఉంటుంది. డిపార్ట్‌మెంటు నుంచి వస్తే టీచింగ్ అసిస్టెంట్‌షిప్, సెమిస్టర్ మధ్యలో క్లాసులు చెప్పాలి కాబట్టి నాలుగు నెలలు దీవికి పోవడం కష్టం. ఫెలోషిప్ విద్యార్థి పేరున వచ్చే డబ్బు, స్వేచ్ఛ ఎక్కువ. అయితే అమెరికాలో అందరూ పేరు చెప్పే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే. గ్రీన్ కార్డు లేని తెలుగు విద్యార్థికి అది వర్తించదు. పైగా 2025లో అమెరికా ఫెడరల్ పరిశోధన నిధుల్లో కోతలు, గ్రాంట్ల రద్దులు జరిగాక ప్రకటనలో 'నాలుగేళ్లు' అని ఉన్నా ఆ మాట వెనక ఏ నిధి ఉందన్నది మునుపటికన్నా పెద్ద ప్రశ్న అయింది.

జర్మనీలో పీహెచ్‌డీకి ముందు మాస్టర్స్ ఉండాలన్నది సాధారణ నియమం. జంతు సంచార పరిశోధనకు పేరున్న కాన్‌స్టాంజ్ యూనివర్సిటీ ఉన్నది బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో. జర్మనీలో చదువు ఉచితం అని మనం వింటాం కానీ ఈ రాష్ట్రం ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చే మాస్టర్స్ విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తుంది. పీహెచ్‌డీ వాళ్లకు ఆ ఫీజు లేదు.

వీటితో కలగలిసిపోయే ఇంకో రకం ఉంది. డబ్బు కట్టి కొన్ని వారాలు దీవిలో తాబేళ్ల మధ్య పనిచేసే వాలంటీర్ కార్యక్రమాలు. వాటివల్ల మేలు లేదనను, కానీ అది డిగ్రీ కాదు, పరిశోధన పదవి కాదు. ఎవరు ఎవరికి డబ్బు ఇస్తున్నారో చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

నడక ఒక్కటే అంశం కాదు: పేడ, జామ, కంచెలు

వలస పరిశోధన అంటే మ్యాపు మీద గీతలు మాత్రమే అనుకుంటే సగం అవకాశాలు కనిపించవు. తాబేలు నడుస్తూ ఏం మోస్తోంది, దారిలో దానికి ఏం అడ్డు పడుతోంది, అది ఏం తిని జబ్బు పడుతోంది, ఇవన్నీ వేర్వేరు థీసిస్‌లు.

సాంతా క్రూజ్‌లో తాబేటి పేడను విప్పి చూసిన అధ్యయనంలో ఒక్కో కుప్పలో సగటున 460కి పైగా విత్తనాలు దొరికాయి. మొత్తం 45 రకాల మొక్కలు, అందులో 11 దీవికి బయటి నుంచి వచ్చినవి. మేత తాబేలు కడుపులో సుమారు 12 రోజులు ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. 6 కిలోమీటర్ల దారిని 15 రోజుల్లో నడిస్తే రోజుకు 400 మీటర్లు. పైన తిన్న జామపండు గింజ 12 రోజుల తర్వాత 4,800 మీటర్ల దూరంలో, దిగువన పడొచ్చు. ఆ అధ్యయనం లెక్కగట్టిన గరిష్ఠ దూరం కూడా 4 కిలోమీటర్ల పైచిలుకే.

మనకు జామ పెరట్లో చెట్టు. గాలపాగోస్‌లో అది స్థానిక అడవిని మింగేస్తున్న పరాయి మొక్క. ఆ గింజను మోసేది కాపాడుకోవాలనుకుంటున్న తాబేలే. దీనిమీద శాస్త్రవేత్తల్లో రెండు చూపులున్నాయి. తాబేలు విత్తనాలు చల్లుతూ అడవిని నిలబెట్టే జంతువు, దాన్ని తప్పుపట్టడం అర్థంలేనిదని ఒకటి. పరాయి మొక్కలు ఇంతగా పెరిగాక దాని పాత మేలు కొత్త నష్టంగా మారే అవకాశాన్ని కొలవాల్సిందేనని మరొకటి. గింజ పడటం వేరు, మొలకెత్తి నిలవడం వేరు. ఈ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో నేల మీద చూసి చెప్పే పని ఒక మాస్టర్స్ థీసిస్‌కు సరిగ్గా సరిపోతుంది.

అడ్డుపడే మొక్కల్లో ఒకదానికి మనతో చుట్టరికం ఉంది. కొండ మీద ముళ్ల పొదలుగా అల్లుకుపోయి తాబేళ్ల దారులు మూసేస్తున్న రూబస్ నీవియస్ అనే మొక్క ఆసియాది, మన దేశపు కొండల్లో సహజంగా పెరుగుతుంది. ఇంగ్లిష్‌లో దానికి మైసూర్ రాస్ప్‌బెర్రీ అనే పేరు కూడా ఉంది. మన పాడి రైతులు వేసే నేపియర్ గడ్డి కూడా అక్కడ పరాయి గడ్డే. కలప కోసం తెచ్చిన సెడ్రెలా చెట్లు గుబురు అడవిగా మారి, తాబేళ్లు వాటిలోకి పోకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాయని ఇటీవలి అధ్యయనం చెప్పింది.

ఆ పైన రైతులు. సాంతా క్రూజ్ కొండ మీద తేమ ఉన్న మంచి నేల చాలావరకు వ్యవసాయ భూమి. తాబేళ్ల వలస దారి పొలాల గుండా పోతుంది. కొందరు రైతులకు తాబేలు ఆదాయం, చూడ్డానికి వచ్చే పర్యాటకుల దగ్గర టికెట్ తీసుకుంటారు. కొందరికి అది పంట తొక్కే జంతువు, కంచె వేయక తప్పదు. ఈ విషయం మీద ఆస్ట్రేలియాలోని జేమ్స్ కుక్ యూనివర్సిటీ నుంచి ఒక పీహెచ్‌డీ వచ్చింది. పొలాల్లో తాబేళ్లు ఎలాంటి నేలను ఇష్టపడతాయి, రైతులు వాటిని ఎలా చూస్తారు అన్నవి కలిపి చూసిన పని అది. కంచెలన్నీ తీసేయమనడం తేలిక, కానీ ఆ రైతు కుటుంబానికి నష్టం ఎవరు భర్తీ చేస్తారన్న ప్రశ్నకు జీపీఎస్ డేటాలో జవాబు ఉండదు.

ఆరోగ్యం మరో పెద్ద శాఖ. సెయింట్ లూయిస్ జూ తరఫున ఈ కార్యక్రమంలో పనిచేసిన షారన్ డీమ్ వెటర్నరీ డాక్టరు. మనుషులు, పొలాలు ఎక్కువున్న సాంతా క్రూజ్‌లో తాబేళ్ల పేడలో సూక్ష్మజీవులను యాంటీబయాటిక్స్‌కు లొంగకుండా చేసే జన్యువులు కనిపించాయి, మనుషులు లేని ఆల్సెడో మీద అవి తక్కువ. తాబేలు ఎటు నడిచిందో తెలిస్తేనే అవి దానికి ఎక్కడ తగిలాయో తెలుస్తుంది. వలస మ్యాపు ఇక్కడ వ్యాధి పరిశోధనకు పనికొస్తోంది.

ఎవరి దీవి, ఎవరి పరిశోధన

గాలపాగోస్ నేలలో 97 శాతం నేషనల్ పార్క్, 1959 నుంచి. 1998లో ప్రత్యేక చట్టం వచ్చినప్పటి నుంచి ఈక్వడార్ పౌరులు సైతం అక్కడ ఇష్టం వచ్చినట్టు వెళ్లి స్థిరపడలేరు. పరిశోధనకు పార్క్ డైరెక్టరేట్ అనుమతి, నివాసానికి వేరే అనుమతి కావాలి. జన్యువుల పని అయితే ఇంకో ఒప్పందం. గాలపాగోస్ తాబేళ్లు సైటీస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) మొదటి జాబితాలో ఉన్నాయి కాబట్టి రక్తపు బొట్టు దేశం దాటించాలన్నా కాగితాలు ఉండాల్సిందే. ఈ పనులన్నిటికీ నెలలు పడతాయి. ఒంటరిగా ఒక విద్యార్థి ఇవన్నీ తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం, ఇప్పటికే అక్కడ పాతుకున్న ప్రాజెక్టు నీడలోనే సాధ్యం.

దీని వెనక ఒక న్యాయమైన చర్చ ఉంది. ధనిక దేశాల పరిశోధకులు వచ్చి డేటా తీసుకుని వెళ్లిపోతే దీవి యువతకు మిగిలేదేమిటి అని ఈక్వడార్‌లో అడుగుతున్నారు. చార్లెస్ డార్విన్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌లలో, శిక్షణలో స్థానికులకు ప్రాధాన్యం ఉండటం అందుకే. సాన్ క్రిస్టోబల్ దీవిలో ఈక్వడార్ రాజధాని కీటోలోని సాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ, అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీ కలిసి 2011లో సైన్స్ సెంటర్ తెరిచాయి. మరోవైపు బయటి నిధులు, పరికరాలు లేకుండా ఇన్నేళ్ల డేటా పోగయ్యేది కాదన్నదీ నిజం. భారతీయ విద్యార్థి ఈ లెక్కలో ఎటు వస్తారు? ధనిక దేశం నుంచి కాదు, అలాగని స్థానికులూ కాదు. స్పానిష్ వచ్చినవాళ్లకు ఈ దూరం కొంత తగ్గుతుంది, రైతులతో, పార్క్ గార్డులతో మాట్లాడేది ఆ భాషలోనే కాబట్టి.

గాలపాగోస్ ఒక్కటే కాదు, హిందూ మహాసముద్రంలో సీషెల్స్‌కు చెందిన అల్దాబ్రా దీవిలో వేరే జాతి భారీ తాబేళ్లు లక్షకు పైగా ఉన్నాయి. కోల్‌కతా అలీపూర్ జూలో 2006లో చనిపోయిన అద్వైత ఆ జాతిదే. అక్కడ కొండ లేదు, వలస కొండ మీదికి కాదు, తీరానికి. వానలు రాగానే కొన్ని తాబేళ్లు లేత గడ్డి కోసం సముద్రపు ఒడ్డుకు వెళ్తాయి. మేత బాగుంటుంది కానీ నీడ తక్కువ, ఎండకు చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. వెళ్లేవి వెళ్తాయి, ఉండేవి ఉంటాయి, ఇదీ పాక్షిక వలసే. 1970లలోనే దీన్ని గమనించి రాశారు. ఆ దీవిని నడిపేది సీషెల్స్ ఐలండ్స్ ఫౌండేషన్, అక్కడి పరిశోధనలో జ్యూరిక్ యూనివర్సిటీ పాత్ర పెద్దది.

తాబేలు దగ్గరికి తాబేలు దారిలోనే రానక్కర్లేదు

మన దేశంలో భారీ తాబేళ్లు అడవిలో లేవు. కానీ జంతు సంచారం నేర్చుకునే చోట్లు ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో వన్యప్రాణి శాస్త్రం ఎంఎస్సీ ఉంది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రం మాస్టర్స్ ఉంది. తిరుపతి ఐసర్‌లో జీవావరణ పరిశోధన జరుగుతోంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్ అంతరించే జాతుల జన్యు పరిశోధనకు ఉన్న ప్రయోగశాల. వెటర్నరీ చదివినవాళ్లకు పైన చెప్పిన ఆరోగ్య శాఖ తలుపు వేరేగా ఉంది. రాయలసీమ పొడి నేలల్లో కనిపించే నక్షత్ర తాబేలు అక్రమ రవాణా వల్ల 2019లో సైటీస్ మొదటి జాబితాకు చేరింది, గాలపాగోస్ తాబేలు ఉన్న జాబితానే అది.

ఇంట్లోవాళ్ల ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. జీపీఎస్ గుర్తుల్ని విశ్లేషించే పద్ధతి జంతువు మారినా మారదు, ఒక చోట నేర్చుకున్నది మరో చోట పనికొస్తుంది. ఈ కార్యక్రమం నడిపినవాళ్ల చరిత్రే ఇందుకు రుజువు. స్టీఫెన్ బ్లేక్ గాలపాగోస్‌కు రాకముందు కాంగో అడవుల్లో ఏనుగుల సంచారాన్ని, అవి మోసే విత్తనాలను ఏళ్ల తరబడి చదివాడు. 2019 నాటి జ్ఞాపకం విశ్లేషణకు ముందు నిలిచిన గియోమ్ బాస్టీల్-రూసో పీహెచ్‌డీ చేసింది కెనడాలో, మంచు ప్రాంతపు కరిబూ జింకల మీద.